తూము ఎవరి చేతిలో ఉన్నది? – నీటి సంఘం ఎన్నికలు, మన ఓటు

ఈ సంచికకు ఏదైనా ఒక వ్యాసం ఇవ్వవలసిందని విద్యార్థి సంఘం మిత్రులు నా గదికి వచ్చి అడిగినపుడు, ఏ విషయం మీద రాయమంటారని అడిగాను. "ఎన్నికల మీద రాయండి సార్, మీ సబ్జెక్టే గద" అన్నారు. ఎన్నికలంటే వారి ఉద్దేశం శాసనసభో, పార్లమెంటో అయి ఉంటుంది. వాటి మీద రాసేవారికి కొదువ లేదు. మన కాలేజీ యూనియన్ ఎన్నికల మీద రాద్దామా అంటే, రాసిన తర్వాత క్యాంపస్‌లో తిరగటం కష్టం! అందువల్ల ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ఎన్నికను ఎంచుకున్నాను. అది చెరువు ఎన్నిక, కాలువ ఎన్నిక. కాగితం మీద దాని పేరు నీటి వినియోగదారుల సంఘం ఎన్నిక.

మా తరగతిలో ఎక్కువమంది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చినవారే. 2016 అక్టోబర్‌కు ముందు అందులో ఎక్కువ భాగం ఒకటే వరంగల్ జిల్లా. ఒకరోజు పాఠం మధ్యలో వారిని మూడు ప్రశ్నలడిగాను. మీ ఎమ్మెల్యే ఎవరు? అన్ని చేతులూ లేచినయి. మీ సర్పంచ్ ఎవరు? దాదాపు అన్నీ లేచినయి. మీ చెరువు తూము ఎత్తుమని చెప్పే అధికారం ఎవరిది, ఆ చెప్పేవాణ్ణి ఎన్నుకునే హక్కు ఎవరిది? ఒక్క చెయ్యి లేవలేదు. చివరికి భూపాలపల్లి వైపు పిల్లవాడొకడు లేచి "నీరటాయన ఎత్తుతడు సార్, ఎవరు చెప్తరో మాత్రం ఎరుక లేదు" అన్నాడు. ఇంట్లో బియ్యం ఆ తూము కిందివే. హాస్టల్ ఫీజు కూడా ఆ తూము కిందిదే.

మన బతుకు నడిపే సదుపాయాల్లో చాలా వాటికి ఎన్నిక అనేదే లేదని మొదట గుర్తుంచుకోవాలి. కరెంటు సంగతి చూడండి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నది, బొగ్గు ఉన్నది, పొగ ఉన్నది. కాని మనకు కరెంటు పంచే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు డైరెక్టర్లను మనం ఎన్నుకోము. వారిని ప్రభుత్వం నియమిస్తుంది. రేట్లు పెంచేముందు విద్యుత్ నియంత్రణ మండలి పెట్టే బహిరంగ విచారణకు వెళ్ళి మన మాట చెప్పవచ్చు, అంతవరకే. పక్కన సిరిసిల్లలో మాత్రం కథ వేరు. అక్కడ వినియోగదారులే సభ్యులుగా ఉన్న సహకార విద్యుత్ సరఫరా సంఘం ఉన్నది. దాన్ని అందరూ 'సెస్' అంటారు. దేశంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగంగా మొదలుపెట్టినపుడు ఎంచుకున్న తొలి ఐదు చోట్లలో సిరిసిల్ల ఒకటి. 2022 డిసెంబర్ 24న అక్కడ 15 డైరెక్టర్ స్థానాలకు పోలింగ్ జరిగింది. పార్టీలు శాసనసభ ఎన్నికలంత హోరాహోరీగా తలపడ్డాయి. కరెంటు బిల్లు కట్టేవాడే ఓటరు కూడా కావడం మన వైపు వాళ్ళకు వింతగా కనబడవచ్చు.

మన మూడు జిల్లాల్లో అటువంటి ఎన్నిక ఉన్నదంటే అది నీళ్ళదే. దానికి కారణం చెరువులు. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. ధర్మకీర్తి సముద్రమని దాని పేరు. కట్ట మీది శాసనం కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యమైన ఆధారమని చరిత్ర విద్యార్థులు చదివే ఉంటారు. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఉన్నది. జనగామ సీమ మెట్ట ప్రాంతం. అక్కడ గొలుసుకట్టు చెరువులే దిక్కు. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల నీళ్ళతో కొన్నిటిని నింపుతున్నారు. మహబూబాబాద్ వైపు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కూడా ఉన్నది.

వెనుక ఈ నీళ్ళ పంపకం ఓటుతో కాదు, ఊరి కట్టుబాటుతో నడిచేది. నీరటి తూము చూసుకునేవాడు, కల్లంలో అతనికి మేర కొలిచేవారు. యాసంగికి ముందు చెరువులో ఎంత నీరు మిగిలిందో చూసి, ఏ తూము కింద ఎన్ని ఎకరాలు పారించవచ్చో కూర్చుని తేల్చే పద్ధతి ఒకటుండేది. దాన్ని తైబందీ అనేవారు. చాలా తెలివైన పద్ధతి. అందరి భూమీ కొంత తగ్గించి, ఉన్న నీళ్ళకు సరిపెట్టేవారు. ఐతే ఆ కూర్చునేవాళ్ళెవరు? పటేలు, పట్వారీ, నలుగురు మోతుబరులు. చెరువు చివర అరెకరం ఉన్నవాడు దూరంగా నిలబడి వినేవాడే కాని మాట్లాడేవాడు కాదు. అందుచేత పాత పద్ధతిని పొగిడేవాళ్ళను చూస్తే నాకు సగం ఒప్పుకోబుద్ధవుతుంది, సగం కాదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఒక చట్టం చేసింది (1997లో 11వ చట్టం). ప్రపంచబ్యాంకు ఋణంతో ముడిపడిన సంస్కరణల్లో అదొకటి. అదే కాలంలో నీటి తీరువా మూడింతలకు పైగా పెరిగింది. కాలువ కింద మొదటి పంటకు ఎకరాకు 200 రూపాయలైంది. 'రేటు పెంచినాము, అజమాయిషీ మీకిచ్చినాము' అన్నది ఆ బేరం. ఆ సంవత్సరం జూన్‌లో రాష్ట్రమంతటా 10 వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టారు. దేశంలో అంత పెద్ద ఎత్తున, అంత తొందరగా మరే రాష్ట్రమూ చేయలేదు.

చట్టం అమరిక ఇట్లా ఉంటుంది. చెరువైతే ఒక్క అంచె, దాని ఆయకట్టు రైతులతో ఒక సంఘం. మధ్యతరహా ప్రాజెక్టైతే సంఘాల మీద ప్రాజెక్టు కమిటీ ఉంటుంది. శ్రీరాంసాగర్ వంటి భారీ ప్రాజెక్టైతే మధ్యలో డిస్ట్రిబ్యూటరీ కమిటీ కూడా వస్తుంది. ఒక్కొక్క సంఘం పరిధిని 4కు తగ్గకుండా 10కి మించకుండా ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడగొట్టాలన్నారు. ఊళ్ళో దాన్ని 'టీసీ' అంటారు. తర్వాత చెరువులకు 6, పెద్ద ప్రాజెక్టుల సంఘాలకు 12 అని స్థిరపడింది. 1997లో ఒక్కొక్క ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి తన టీసీ సభ్యునికి, ఒకటి నేరుగా అధ్యక్షునికి. రహస్య బ్యాలెట్.

ఈ టీసీ అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. అసలు కిటుకంతా అక్కడే ఉన్నది. నీటి రాజకీయంలో కులం, పార్టీ ఎంత ముఖ్యమో, భూమి తూముకు ఎంత దూరంలో ఉన్నదన్నది అంతకంటే ముఖ్యం. తూము మొదట్లో ఉన్నవానికి ఎప్పుడూ నీళ్ళు ఎక్కువే, అతనికి సంఘంతో పని లేదు. చివర ఉన్నవానికి సంఘమే దిక్కు. టీసీలను మొదలు, నడుమ, చివర అని అడ్డంగా కోస్తే చివరి మళ్ళవాళ్ళకు తమ మనిషి ఒకడు కమిటీలో కూర్చుంటాడు. అట్లా కాక ప్రతి టీసీలోనూ కొంత మొదలు, కొంత చివర కలిసేటట్టు నిలువునా కోస్తే, బలమైనవాళ్ళు అన్ని టీసీల్లోనూ గెలుస్తారు. మ్యాపు మీద గీత గీసేటప్పుడే సగం ఎన్నిక అయిపోతుంది. ఆ గీతను చూడటానికి మాత్రం ఎవరూ పోరు.

ఇక ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉండి, హక్కుల రికార్డులో పేరున్న యజమానికి, లేదా కౌలుదారుకు. ఒకే భూమికి ఇద్దరూ రికార్డులో ఉంటే కౌలుదారునే సభ్యునిగా లెక్కించాలని చట్టం స్పష్టంగా చెప్పింది. ఇది చాలామందికి తెలియదు. ఎకరమున్నా, ఇరవై ఎకరాలున్నా ఓటు ఒక్కటే. రెండు టీసీల్లో భూమి ఉంటే ఒకదాన్నే ఎంచుకోవాలి. చేపలు పట్టేవారు, బట్టలుతికేవారు, ఇతరంగా ఆ నీరు వాడేవారు సభ్యులే గాని వారికి ఓటు లేదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. యాసంగి చివర రైతు అడుగు నీటిని కూడా వదలమంటాడు, ముదిరాజు ఆ అడుగు నీరే చేపకు ప్రాణమంటాడు. ఇద్దరిలో ఒకరికి ఓటున్నది, ఒకరికి లేదు. మత్స్యకారులకు వేరే సహకార సంఘమున్నదనేది జవాబు కాదు, తూము తాళం ఈ సంఘం దగ్గరే ఉన్నది గనుక.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పాలి. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా ఉన్నారు, పండుగకు పోతే మొహం చూడాలి. 1997లో నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. మా చిన్నబాపు చనిపోయి అప్పటికే ఆరేండ్లయింది. చిన్నమ్మ ఒక్కతే ఎకరం పది గుంటలు చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని సాకుతున్నది. భూమి చెరువు కింద చివరి మళ్ళల్లో. ఎన్నిక రోజు బడి దగ్గర వరుసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి బల్ల దగ్గరున్నాయన జాబితా తిరగేసి "నీ పేరు లేదమ్మా, ఫలానా పేరున్నది, అతన్ని రమ్మను" అన్నాడు. ఆ ఫలానా మా చిన్నబాపే. పహాణీలో ఆయన పేరే నడుస్తున్నది, జాబితా పహాణీ నుంచే తయారైంది. చిన్నమ్మ బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది: "సచ్చిపోయినోనికి ఓటున్నదట కొడుకా, బతికున్నదానికి లేదట."

ఆనాడు ఆమె ఒక్కతే కాదు. చివరి మళ్ళల్లో అట్లాంటి ఇండ్లు ఎనిమిదో తొమ్మిదో తేలినయి. కొందరు భర్త పోయిన ఆడవాళ్ళు, కొందరు తాత పేరు మీదే నడుస్తున్న అన్నదమ్ములు, ఇద్దరు కౌలుకు చేసేవాళ్ళు. కౌలువాళ్ళ పేరు పహాణీలో రాయించడానికి పట్టాదారు ఒప్పుకోడు, ఒప్పుకుంటే భూమి పోతుందని భయం. అధ్యక్ష పదవికి చివరి మళ్ళ తరఫున నిలబడిన కాక నాలుగు ఓట్లతో ఓడిపోయాడు. లెక్క మీరే చేయండి. ఆ యాసంగి చివరి మళ్ళకు నీళ్ళు రాలేదు. చిన్నమ్మ నారు ఎండిపోయింది. ఆ సంవత్సరం ఆమె పత్తి ఏరడానికి కూలికి పోయింది.

గెలిచినవాడు చెడ్డవాడు కాదు. కట్ట మీద కంపలు కొట్టించాడు, అలుగు బాగు చేయించాడు. ఆయన భూమి పెద్ద తూము దగ్గరిది. చిన్న తూము కింది కాలువ పూడిపోయిన సంగతి ఆయన కండ్లకు కనబడలేదు, అంతే. ఎవరి పొలం గట్టు మీద నిలబడి చూస్తామో అదే చెరువనిపిస్తుంది.

తర్వాత నేను చిన్నమ్మను వెంటబెట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ విరాసత్ కోసం పదకొండు నెలలు తిరిగాను. రోజూ ఒక కొత్త కాగితం అడిగేవారు. మరణ ధ్రువపత్రం ఇస్తే వారసుల ధ్రువపత్రం, అదిస్తే పంచనామా. చివరికి పట్టా పాస్‌బుక్కు చేతికొచ్చినపుడు ఆమె అందులో తన పేరు చదివించుకుని రెండుసార్లు విన్నది. తర్వాతి ఎన్నికలో ఓటు వేసింది. అధ్యక్షుడు మళ్ళీ పెద్ద తూము వాడే అయ్యాడు. కాని చివరి టీసీకి మా వాళ్ళ మనిషి గెలిచాడు. చిన్న తూము కాలువ పూడిక తీసే పని ఆయన కమిటీలో పట్టుబట్టి రాయించాడు. ఒక్క టీసీ సభ్యుడు ఏం చేయగలడనేవాళ్ళకు నేను ఆ కాలువ చూపిస్తాను.

ఎకరాల్ని బట్టి ఓటు ఉండాలని వాదించే మిత్రులు మన స్టాఫ్ రూములోనే ఉన్నారు. "ఇరవై ఎకరాలవాడు ఎక్కువ తీరువా కడతాడు, అతనికీ అరెకరంవాడికీ ఒకటే ఓటా?" అంటారు. వారికి నేను అమెరికాలోని కాలిఫోర్నియా ఉదంతం చెబుతుంటాను. అక్కడ ట్యులేర్ సరస్సు పరీవాహకంలో నీటి నిల్వ జిల్లా ఒకటున్నది. భూమి అంచనా విలువ ప్రతి 100 డాలర్లకు ఒక ఓటు. అక్కడ నివసించేవారికి, కౌలుదార్లకు ఓటు లేదు. బాస్వెల్ అనే ఒక్క కంపెనీకి 37,825 ఓట్లుండేవి, బోర్డులో మెజారిటీ తెచ్చుకోవడానికి అవి చాలు. 1969లో వరదలొచ్చినపుడు నీటిని పక్కనున్న మరో సరస్సు గుంటలోకి మళ్ళించాలన్న తీర్మానాన్ని బోర్డు పక్కన పెట్టింది, ఎందుకంటే ఆ గుంటలో ఆ కంపెనీకి కౌలు సాగున్నది. ఫలితంగా ట్యులేర్ పరీవాహకంలో నీటి మట్టం పెరిగింది. ఈ వివరాలు భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి డగ్లస్ తీర్పులో ఉన్నాయి. 1973లో సుప్రీంకోర్టు మెజారిటీ మాత్రం, ఇది ఒక పరిమితమైన పనికోసం పెట్టిన సంస్థ గనుక భూయజమానులకే ఓటు, విలువను బట్టి ఓటు అన్నది రాజ్యాంగ విరుద్ధం కాదన్నది. మన 1997 చట్టం ఈ ఒక్క విషయంలో ఆ కాలిఫోర్నియా చట్టం కంటే మంచిదని నా అభిప్రాయం. ఆ మాట విన్నాక మా మిత్రుడొకాయన కొంతసేపు ఆలోచించి, "మన దగ్గర ఎకరాలకు ఓటు లేకపోయినా, ఇరవై ఎకరాలవాడే అధ్యక్షుడవుతున్నాడు గదా" అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఏకగ్రీవం గురించి ఒక మాట. 1997లో ఏకగ్రీవమైన సంఘాలకు ప్రోత్సాహక నిధి ఇచ్చారు. కొట్లాటలు లేకుండా మంచిదే అనిపిస్తుంది. కాని ఏకగ్రీవం ఎక్కడ కుదురుతుంది? పెద్దమనుషుల అరుగు మీద. అక్కడ చిన్నమ్మలు కూర్చోరు. పోలింగ్ లేకపోతే జాబితాలో తన పేరు లేదన్న సంగతి కూడా ఆమెకు తెలిసేది కాదు.

గెలిచినవాణ్ణి మధ్యలో దింపే వీలు కూడా ఈ చట్టంలో ఉన్నది. పదవిలోకి వచ్చి ఏడాది దాటాక, ఓటున్న సభ్యుల్లో మూడోవంతు మంది సంతకాలతో నోటీసు ఇస్తే తిరిగి పిలిచే తీర్మానం పెట్టవచ్చు. శాసనసభ్యుని మీద లేని అధికారం చెరువు అధ్యక్షుని మీద రైతుకున్నది. నీటి తీరువా బకాయి ఉన్నవాడు పోటీకి అనర్హుడు. కమిటీలో ఆడవాళ్ళెవరూ గెలవకపోతే ఒకరిని తీసుకోవాలి. అట్లా తీసుకున్న చాలాచోట్ల ఆమె పేరు రిజిస్టర్‌లో, ఆమె భర్త కుర్చీలో. డబ్బు విషయానికొస్తే, చెరువు కింద వసూలైన తీరువాలో 90 పాళ్ళు సంఘానికి, 10 పాళ్ళు గ్రామ పంచాయతీకి రావాలని నియమం. వసూలు సరిగా లేదు, వచ్చినది ఖజానాలో నుంచి తిరిగి రావడానికి ఏండ్లు పట్టేది. చేతిలో డబ్బు లేని సంఘం కాంట్రాక్టు పనుల సంతకాల సంఘంగా మారింది. నీటి సంఘాలు నీరుగారినవంటే ఇది పెద్ద కారణం.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. చట్టాన్ని సవరించి అధ్యక్షుణ్ణి రైతులు నేరుగా కాక టీసీ సభ్యులు ఎన్నుకునేటట్టు చేశారు. సభ్యుల్లో మూడోవంతు రెండేండ్లకోసారి దిగిపోయే పద్ధతి తెచ్చారు. తెలంగాణ ఏర్పడ్డాక తొలి పదేండ్లూ ఈ సంఘాలకు ఎన్నికలు జరగలేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలై, రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయడం లక్ష్యంగా పెట్టుకున్నారు. మా ఊరి చెరువులో కూడా పూడిక తీశారు, ఆ ఒండ్రుమట్టి మా పొలానికి కూడా పడ్డది, అందుకు సంతోషమే. ఐతే ఏ తూము కింద ముందు, ఏ కాలువ తర్వాత అని అడిగేందుకు ఎన్నికైన కమిటీ లేదు. ఇంజినీరును అడగాలి, లేదా నాయకుణ్ణి పట్టుకోవాలి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్‌లో మళ్ళీ నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి.

మన దగ్గర ఎప్పుడైనా ఎన్నిక వస్తే ఓటరు జాబితా మళ్ళీ భూమి రికార్డు నుంచే పుడుతుంది. ఆ రికార్డు ఈ మధ్య చాలా మారింది. 2020లో వచ్చిన ధరణి పద్ధతిలో సాగు చేసేవాని పేరు రాసే గడి లేకుండా పోయింది. 2025లో భూభారతి చట్టం వచ్చింది. రికార్డులో కౌలుదారు పేరు రాసే చోటు లేకపోతే, 'కౌలుదారునే సభ్యునిగా లెక్కించాలి' అన్న 1997 నాటి మాటకు అర్థమేముంటుంది? ఎన్నిక ప్రకటన వచ్చాక పరుగెత్తితే పదకొండు నెలలు ఎవరూ ఆగరు. అందుకని తరగతిలో పిల్లలకు దసరా సెలవుల్లో చేసుకురమ్మని ఒక పని ఇచ్చాను. మీ ఇంటి భూమి ఏ తూము కింద ఉన్నది, మొదట్లోనా చివరనా, రికార్డులో ఎవరి పేరున్నది, ఆ పేరున్నవారు బతికున్నారా, అసలు సేద్యం ఎవరు చేస్తున్నారు – ఒక తెల్లకాగితం మీద రాసుకురమ్మన్నాను. మార్కులు లేవని కూడా చెప్పాను.

సెలవులయ్యాక సగం మందే తెచ్చారు. మొదటి రోజు "ఎరుక లేదు" అన్న ఆ భూపాలపల్లి పిల్లవాడు మాత్రం తెల్లకాగితంతో పాటు రికార్డు నకలు జిరాక్సు కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. భూమి ఇంకా తాత పేరు మీదే ఉన్నది. తాత పోయి పదిహేనేండ్లయిందట. "ఇంటికాడ అవ్వ పేరు మీదికి ఫౌతీకి దరఖాస్తు పెట్టిచ్చిన సార్" అన్నాడు.